కాలింగ్ బెల్ మోగితే గుండె దడ: ‘ఇన్నర్ చైల్డ్ హీలింగ్’ వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చా?

గోదావరిగట్టు (మారతహళ్లి):

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. ఇది ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

నాకు కాలింగ్ బెల్ అంటే భయం. నవ్వకండి. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న నడిపే చీటీలు మునిగిపోయాయి. ఆ తర్వాత రెండేళ్లపాటు పొద్దున్నే, భోజనాల వేళ, ఒక్కోసారి రాత్రి పది దాటాక కూడా అప్పులవాళ్లు వచ్చి బెల్ కొట్టేవాళ్లు. నాన్న వెనక గదిలో బియ్యం డ్రమ్ము పక్కన గోడకి ఆనుకుని నిలబడేవారు. అమ్మ వెళితే ఏడ్చేస్తుందని తలుపు తీసే పని నాకు పెట్టారు. “నాన్న ఊళ్లో లేరండి” అని చెప్పి పంపేయాలి. ఒకాయన నా గడ్డం పట్టుకుని “అబద్ధం చెప్తే కళ్లు పోతాయి పాపా” అనేవాడు. తర్వాత నాన్న ఐపీ పెట్టారు. గొడవలు సద్దుమణిగాయి. ఇంట్లో ఎవరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు మా ఫ్లాట్‌లో రోజుకి ఎనిమిదిసార్లు బెల్ మోగుతుంది. పాలు, కూరగాయలు, పార్సెల్, ఇస్త్రీ బట్టలు. మోగిన ప్రతిసారీ చేతులు చల్లబడతాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో మరీ నరకం. బెల్ డబ్బాలో గుడ్డ కూడా కుక్కి చూశాను.

ఆఫీసులో ఒకావిడ ‘ఇన్నర్ చైల్డ్ హీలింగ్’, అంటే మనలోపలి చిన్నపిల్ల గాయాల్ని మాన్పడం, అనే వర్క్‌షాప్ గురించి చెప్పింది. నంది హిల్స్ వైపు రిసార్టులో రెండు రోజులు, 18,500. అడ్వాన్స్ 5,000 కట్టేశాను. మొదట గబగబా ఊపిరి తీసే బ్రీత్‌వర్క్, తర్వాత దిండ్లు బాది కోపం వదిలించుకోవడం, హిప్నాసిస్‌తో చిన్నతనంలోకి వెళ్లడం, చివర్లో అమ్మానాన్నలకి ఉత్తరం రాసి మంటలో వేయడం. “రెండు రోజుల్లో గాయం మూలంతో సహా పోతుంది” అన్నారు నడిపే మేడం. ఇలాంటివి చేసినవాళ్లెవరైనా ఉన్నారా? రేకీ, ఫ్లవర్ రెమెడీస్, విపశ్యన... ఏది నయం?

బెల్లందూరు_బావ:

రెండు రోజుల్లో మూలంతో సహా పోవడానికి అదేమన్నా మూలశంకా అండీ? రైల్వే స్టేషన్ గోడల మీద ఇలాంటి ప్రకటనలు చాలా చూశాం.

జోక్ పక్కన పెడితే, బెల్ మార్చి చూశారా? కోకిల కూతది వస్తుంది, 350 రూపాయలు.

గోదావరిగట్టు:

మార్చానండి. ఇప్పుడు కోకిలన్నా భయమే.

వేపచెట్టు (వైట్‌ఫీల్డ్):

చెల్లీ, నేను ఫ్లవర్ రెమెడీస్ వాడాను. మా అత్తగారు పోయిన ఏడాది. ఎడ్వర్డ్ బాక్ అని ఇంగ్లండ్ డాక్టరు 1930ల్లో తయారుచేసిన పద్ధతి. మొత్తం 38 సీసాలు. పువ్వుల్ని నీళ్లలో వేసి ఎండలో పెడతారు, ఆ నీళ్లు చెడకుండా బ్రాందీ కలుపుతారు. హఠాత్తుగా తగిలిన దెబ్బకి ‘స్టార్ ఆఫ్ బెత్లెహెం’, ఫలానా అని తెలిసిన భయానికి ‘మిమ్యులస్’ ఇస్తారు. హోమియో షాపుల్లో దొరుకుతాయి, ఖర్చూ పెద్దగా ఉండదు.

నాకు పనిచేసింది. కాకపోతే ఒక మాట నిజం చెప్పాలి. ఆ మందిచ్చిన పెద్దావిడ నన్ను మొదటిసారి గంటన్నర కూర్చోబెట్టి మాట్లాడించింది. మా అత్తగారి మందుల చీటీ నేనే పోగొట్టానని అంతకుముందు మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆవిడకి చెప్పాను. చుక్కలు పనిచేశాయా, ఆ గంటన్నర పనిచేసిందా అంటే ఇప్పటికీ తేల్చుకోలేను.

బెల్లందూరు_బావ:

అక్కా, నేను తేల్చేస్తాను. ఆ 38 సీసాల మీద పరీక్షలు జరిగాయి. ఉత్త నీళ్లిచ్చినా అంతే గుణం కనిపించింది. మీకు నయం చేసింది ఆ పెద్దావిడ చెవులు. రేకీదీ అదే కథ అని నా నమ్మకం. 1922లో జపాన్‌లో ఉసుయి అనే ఆయన మొదలుపెట్టాడు, చేతుల్లోంచి శక్తి పారుతుందంటారు. పారుతున్నట్టు ఇంతవరకు ఎవరూ కొలిచి చూపించలేదు. కానీ ముప్పావుగంట ఫోన్ పక్కన పెట్టి కళ్లు మూసుకుని పడుకుంటే బెంగళూరులో ఎవరికైనా హాయిగానే ఉంటుంది.

తుమకూరురోడ్డు:

విపశ్యన గురించి నేను చెప్తాను. రెండుసార్లు చేశాను, ఇక్కడే తుమకూరు రోడ్డు దాటి ఆలూరులో ఉన్న ధమ్మ పఫుల్లలో. పది రోజులు. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవాలి. మాట లేదు, ఫోన్ లేదు, పుస్తకం లేదు, పక్కవాడి కళ్లలోకి చూడటం కూడా లేదు. ఫీజు తీసుకోరు, కోర్సు పూర్తిచేసినవాళ్లు ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. ఈ కోర్సులు మొదలుపెట్టిన గోయెంకాగారు బర్మాలో ఈ దారి పట్టింది మొదట మైగ్రేన్ తలనొప్పి కోసమే. 1969లో మన దేశంలో నేర్పడం మొదలుపెట్టారు.

ఇక అసలు విషయం. మొదటిసారి ఆరో రోజు మా తమ్ముడి యాక్సిడెంట్ కళ్లముందుకొచ్చింది. పన్నెండేళ్ల కిందటిది. ఒళ్లంతా వణుకు, గదికెళ్లి దుప్పటి కొరుక్కుని ఏడ్చాను. ఆచార్యుడి దగ్గరికి వెళ్తే ఐదు నిమిషాలు మాట్లాడి “గమనించు, అదీ పోతుంది” అన్నారు. నాకు నిజంగానే పోయింది. నా పక్క గదిలో కుర్రాడు మాత్రం ఏడో రోజు సామాను సర్దుకుని వెళ్లిపోయాడు, ముఖంలో రక్తం లేదు.

అది ధ్యానం నేర్పే చోటమ్మా, కౌన్సెలింగ్ ఇచ్చే చోటు కాదు. అప్లికేషన్‌లో మానసిక ఇబ్బందుల గురించి అడుగుతారు, దాచకుండా రాయండి. మీరున్న పరిస్థితిలో అయితే ఇప్పుడే వద్దంటాను. ముందు కాస్త కాళ్లు నేలకి ఆనాలి.

సీమ_పిల్లోడు (ఎలక్ట్రానిక్ సిటీ):

అక్కా, హిప్నాసిస్ అని చదవగానే ఆగి రాస్తన్నా. నాది అనంతపురం. పెళ్లి చెడిపోయినాక ఒకాయన దగ్గర ‘పూర్వజన్మ’ సెషన్లు ఆరు తీసుకున్నా, ఒక్కోటి 6,000. మూడో దాంట్లో పోయిన జన్మలో ఆ పిల్లే నాకు విషం పెట్టినట్టు కనపడింది. ఏడ్చినా. ఇంటికి పోయి ఆ పిల్లకి మెసేజ్ పెట్టినా, “నిన్ను క్షమించినా” అని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చస్తా.

నాకు ఆ జన్మ సంగతి పోనీలే. నాలుగో సెషన్లో ఈ జన్మలోనే మా చిన్నాయన నన్ను బావిలో తోసినట్టు ‘గుర్తొచ్చింది’. అమ్మనడిగితే, మన ఇంట్లో బావే లేదు కదరా అనింది.

గది_నంబర్_7:

సీమ_పిల్లోడు చెప్పింది నవ్వి వదిలేసే విషయం కాదు. నేను క్లినికల్ సైకాలజిస్టుని, జయనగర్‌లో పనిచేస్తాను. ఇక్కడ ఎవరికీ వైద్యం చేయను, తెలిసింది మాత్రం చెప్తాను.

జ్ఞాపకం వీడియో రికార్డింగ్ కాదు. తీసిన ప్రతిసారీ కొంచెం కొత్తగా అల్లుకుంటుంది. 1995లో ఎలిజబెత్ లోఫ్టస్ అనే మనస్తత్వ పరిశోధకురాలు అమెరికాలో 24 మందికి, చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని జరగని కథ ఒకటి చెప్పించింది. నలుగురిలో ఒకరు అది పూర్తిగానో, కొంతగానో గుర్తుందన్నారు. హిప్నాసిస్‌లో ఉన్నప్పుడు ఈ అల్లిక ఇంకా తేలిక, పైగా అది నిజమేనన్న నమ్మకం కూడా పెరుగుతుంది. గోదావరిగట్టు గారికి అసలు తవ్వాల్సిందేమీ లేదు కూడా. జరిగింది ఆవిడకి స్పష్టంగానే గుర్తుంది.

మరి అన్నీ గుర్తున్నా ఒళ్లెందుకు వణుకుతుంది? ఒకసారి దొంగ పడిన ఇంటి కుక్కని చూడండి. తర్వాత పాలవాడొచ్చినా అరుస్తుంది. దానికి “వీడు పాలవాడే” అని ఎంత చెప్పినా లాభం లేదు, భాష రాదు కదా. పాలవాడు వంద రోజులు వచ్చి ఏమీ ఎత్తుకుపోకుండా వెళ్తే అప్పుడు మెల్లగా తోక దించుతుంది. మన లోపలి కాపలా కుక్క కూడా అంతే. రిసార్టులో దిండ్లు బాదిస్తే, నా అనుభవంలో, చాలాసార్లు దాన్ని ఇంకా రెచ్చగొట్టినట్టవుతుంది.

గబగబా తీసే ఊపిరి గురించి కూడా ఒక మాట. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు జివ్వుమంటాయి, తల తేలిపోతుంది. కొందరు దాన్ని ‘శక్తి లేచింది’ అంటారు. ముందే ప్యానిక్ ఉన్నవాళ్లకి అది అచ్చం ప్యానిక్‌లాగే ఉంటుంది, నిజంగా మొదలవ్వనూ వచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇలాంటి గాయాలకి రెండు పద్ధతులు సిఫారసు చేసింది: గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స), కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్. రెండూ శిక్షణ ఉన్నవాళ్లు నిదానంగా చేయాల్సినవే. ఎవరి దగ్గరికి వెళ్లినా క్లినికల్ సైకాలజిస్టుల్ని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ల దగ్గర ఉండక్కర్లేదు. బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య ఆసుపత్రి) వాళ్ల సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది, హోసూరు రోడ్డు ఆసుపత్రి దాకా వెళ్లాలంటే జంకేవాళ్లకి అది నయం. రాత్రిపూట భరించలేకపోతే 14416, టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోన్ నంబరు. 2022లో కేంద్రం పెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బెల్లందూరు_బావ:

చూశారా, నేను చెప్పిందే. అన్నీ బోగస్.

గది_నంబర్_7:

నేనలా అనలేదండి. ‘అన్నీ’ అనలేదు.

టి.నగర్_పిన్ని (చెన్నై):

బావగారూ, కాస్త ఆగండి. నేను చెన్నైలో పందొమ్మిదేళ్లుగా యోగా చెప్తున్నాను. 2014లో బెస్సెల్ వాన్ డెర్ కోక్ అనే మానసిక వైద్యుడి బృందం ఒక అధ్యయనం చేసింది. ఏళ్ల తరబడి చికిత్స తీసుకున్నా పీటీఎస్‌డీ (గాయం తర్వాత ఏళ్లు గడిచినా వదలని భయం జబ్బు) తగ్గని 64 మంది ఆడవాళ్లు. సగంమందికి పది వారాలు, వారానికో గంట యోగా. మిగతా సగానికి ఆరోగ్యం మీద పాఠాలు. చివరి లెక్కలో యోగా చేసిన 31 మందిలో 16 మందికి పీటీఎస్‌డీ అనేంత స్థాయి కంటే కిందికి తగ్గింది, పాఠాలు విన్న 29 మందిలో ఆరుగురికి. ఇదీ బోగసేనా?

అమ్మాయ్, ఆ యోగాలో ఏముందనుకుంటున్నావు? శీర్షాసనాలు కావు. “నీకిష్టమైతే చెయ్యి ఎత్తు, లేకపోతే వద్దు” అని చెప్తారు. వెనకనుంచి వచ్చి ఒంటిమీద చెయ్యి వేసి సరిచేయరు. చిన్నప్పుడు నీకు వద్దనే వీలు లేదు కదా, ఆ వీలు ఒంటికి తిరిగి నేర్పడం అన్నమాట. మా చెన్నైలో యోగా గురువు దేశికాచార్ గారు 1976లో కృష్ణమాచార్య యోగ మందిరం పెట్టినప్పటినుంచీ ఇదే పట్టు: ఆసనం మనిషికి తగ్గట్టు మారాలిగానీ మనిషి ఆసనానికి తగ్గట్టు కాదు. యాభై మందిని చాపల మీద పరిచి ఒకే క్రియ చేయించేవాళ్ల దగ్గరికి వెళ్లకు. నిమ్హాన్స్‌లో కూడా ఇంటిగ్రేటివ్ మెడిసిన్ విభాగం ఉంది, యోగా అక్కడ చికిత్సలో భాగమే.

ఈలోపు ఒకటి చెయ్యి. బెల్ మోగగానే పరిగెత్తకు. పాదాలు నేలకి నొక్కి, ఊపిరి తీసినదానికంటే వదిలేది పొడుగ్గా ఉండేలా మూడుసార్లు. వీలైతే భ్రామరి, తుమ్మెదలా మ్‌మ్‌మ్ అంటూ. డెలివరీ అబ్బాయి పది సెకన్లు ఆగుతాడు, ఏం మునిగిపోదు.

మల్లేశ్వరం_మాస్టారు:

అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. మా ఊళ్లో (నెల్లూరు జిల్లా) పిల్లలు జడుసుకుంటే మసీదు దగ్గరికి తీసుకెళ్లి మంత్రం వేయించేవారు. సాయిబుగారు నెమలీకలతో తల మీద నుంచి కాళ్లదాకా తుడిచి, ఒక గుక్క నీళ్లు తాగించేవాడు. ‘జడుపు’ అనే మాటే ఎంత బాగుందో చూడండి. పిల్లవాడిలో లోపం ఉందనదు, ఏదో చూసి బెదిరాడంటుంది. మంత్రంలో ఏముందో నాకు తెలియదు. కానీ ఆ రోజు ఇంట్లో పనులన్నీ మానుకుని అమ్మా అమ్మమ్మా ఆ పిల్లవాడి వెంట నడిచేవాళ్లు. మీ జడుపుకి ఎవరూ అలా వెంట రాలేదమ్మా. పైగా మిమ్మల్నే గుమ్మంలో కాపలా పెట్టారు.

నాకు తెలిసిన చిన్న ఉపాయం ఒకటి, పైసా ఖర్చు లేనిది. రాయండి. 1986లో టెక్సాస్‌లో పెనిబేకర్ అనే ప్రొఫెసరు విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, మనసుని కోసిన సంగతి ఒకటి రాయించాడు. రాసిన రోజు వాళ్లకి ఇంకా దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. వ్యాకరణం చూసుకోకండి (ఈ మాట నేను అనడం మా శిష్యులు చూస్తే నమ్మరు). మంటలో వేయాలో దాచుకోవాలో తర్వాత చూద్దాం.

గది_నంబర్_7:

మాస్టారి మాటకి ఒక్క చేర్పు. రాస్తుంటే ఒళ్లు అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపేయండి. నాలుగు రోజులూ పూర్తిచేయాలన్న పట్టుదల వద్దు.

గోదావరిగట్టు (పది రోజుల తర్వాత):

వర్క్‌షాప్ మానేశాను. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని అడిగాను.

రాశాను. మొదటి రెండు రోజులు ఆ గడ్డం పట్టుకున్నాయన గురించే. మూడో రోజు చెయ్యి దానంతట అదే ఇంకోవైపు వెళ్లింది. ఒక అరటిపళ్ల మామ్మ ఉండేది. కూతురి పెళ్లికని మా చీటీలో కట్టింది. ఆవిడ ఎప్పుడూ కేకలు వేయలేదు. బెల్ కూడా కొట్టేది కాదు, అరుగు మీద కూర్చునేది. నేను తలుపు తీసి “నాన్న ఊళ్లో లేరు మామ్మా” అంటే “సరేలే తల్లీ” అని బుట్టలోంచి ఒక చక్రకేళీ తీసి నా చేతిలో పెట్టి వెళ్లేది. నేను అది తినేసేదాన్ని.

ఇరవై ఆరేళ్లు అప్పులవాళ్లకి భయపడుతున్నానని అనుకున్నాను. నాలుగో రోజు ఏమీ రాయలేకపోయాను. ఆపేశాను.

వేపచెట్టు:

చెల్లీ... నీకు తొమ్మిదేళ్లు.

సీమ_పిల్లోడు:

అక్కా, ఆ పండు నీకు ఆయమ్మ తెలిసే ఇచ్చింటాది.

గోదావరిగట్టు:

అదే కదా తమ్ముడూ బాధ.

గోదావరిగట్టు (రెండు నెలల తర్వాత):

అడిగినవాళ్ల కోసం రాస్తున్నాను. రిజిస్ట్రేషన్ నంబరు అడిగాకే ఒకావిడ దగ్గర చేరాను, తెలుగావిడే, వారానికోసారి. మొదటి మూడువారాలు పాత సంగతులు కదపనే లేదు, నిద్రా ఊపిరీ మాత్రమే. నాలుగో వారం ఇచ్చిన హోంవర్క్ వింటే నవ్వుతారు. నేనే గుమ్మం బయట నిలబడి నా ఇంటి బెల్ నేనే కొట్టుకోవాలి. రోజుకి ఐదుసార్లు. ఎదురింటి కన్నడ ఆంటీ చూసి “తాళంచెవి మర్చిపోయావా అమ్మా” అని కాఫీకి పిలిచింది. తర్వాత మా ఆయన చెప్పిన టైముకి కొట్టడం, ఆ తర్వాత చెప్పకుండా. పిన్నిగారి భ్రామరి రోజూ చేస్తున్నాను. దడ పూర్తిగా పోలేదు. కానీ గుడ్డ తీసేశాను.

పోయిన శనివారం నాన్న శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారు. కె.ఆర్.పురంలో దిగి ఆటోలో వస్తానన్నారు. నేను ఊపిరి సరిచేసుకుని బెల్ కోసం ఎదురుచూస్తూ సోఫాలో కూర్చున్నాను. బెల్ మోగలేదు. ఫోన్ మోగింది. “తలుపు తియ్యమ్మా, బయటున్నాను” అన్నారు.

అప్పుడు తట్టింది. ఈ పదకొండేళ్లలో నాన్న మా ఇంటి బెల్ ఒక్కసారి కూడా కొట్టలేదు. ప్రతిసారీ ఫోనే.

అన్నం తిన్నాక అరటిపళ్ల మామ్మ గురించి అడిగాను. చాలాసేపు టీవీ వైపే చూస్తూ కూర్చున్నారు. “ఆవిడ పోయి ఆరేళ్లయిందమ్మా” అన్నారు. ఇంకేమీ అనలేదు, నేనూ అడగలేదు. రాత్రి పడుకునేముందు మాత్రం, ఆ బియ్యం డ్రమ్ము ఇంకా ఇంట్లోనే ఉందనీ, అమ్మ అమ్మేయమంటే తనే వద్దన్నాననీ చెప్పారు.

మల్లేశ్వరం_మాస్టారు:

ఇంకోసారి వచ్చినప్పుడు నాన్నగారిని మా ఇంటికి తీసుకురండమ్మా. ఇద్దరం కూర్చుంటాం.

బెల్లందూరు_బావ:

నేను ఇక జోకులు వేయను. ఒక్క ప్రశ్న మాత్రం. ఆ 5,000 తిరిగొచ్చిందా?

గోదావరిగట్టు:

రాలేదండి. నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎవరో చిన్నమ్మాయి ఎత్తి “మేడం ఊళ్లో లేరండి” అంటోంది. ఆ పిల్లని గట్టిగా అడగబుద్ధి కాలేదు.